కాంటిలివర్ పీకేసి వీ-బ్రేక్ వేయించనా? రిమ్ బ్రేకుల్లో ఏది దేనికి

కొత్తచక్రం:
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో ఒక టూరింగ్ సైకిల్ తీస్కున్నా, స్టీల్ ఫ్రేము, డ్రాప్ హ్యాండిల్, 32 మి.మీ. టైర్లు, ముందూ వెనకా మడ్‌గార్డులు. సైకిల్ మీద నాకు ప్రాణం కానీ బ్రేకులతో చచ్చిపోతున్నా. రెండూ కాంటిలివరే. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే ఫోర్కు మొత్తం దడదడమని ఊగిపోతోంది, హ్యాండిల్ చేతిలో ఆగట్లేదు, వెనకదేమో కీచుమని అరుస్తుంది, రోడ్డు మీద వాళ్ళందరూ తిరిగి చూస్తారు. మా ఫ్రెండు ఒకడు కాంటిలివర్ కాలం చెల్లిన సామాను, వీ-బ్రేకులు వేస్కో అన్నాడు, ఇంకొకడు రోడ్ సైకిళ్ళకుండే కాలిపర్ వెయ్యి అన్నాడు, మూడోవాడు అసలు ఈ సైకిల్ అమ్మేసి డిస్క్ కొనుక్కో అన్నాడు. నాకు ఈ మూడిటికీ తేడా కూడా సరిగ్గా తెలీదు. వచ్చే నెల సామాన్లు వేస్కొని కొండ రోడ్డు మీద పెద్ద దిగుడు దిగాలి, అందుకే భయంగా ఉంది. కాస్త చెప్పండి.

రిమ్ముడాక్టర్:
ముందు ఏదీ కొనకండి. ఏ బ్రేకు పడుతుందో మనం డిసైడ్ చేసేది కాదు, ఫ్రేము డిసైడ్ చేస్తుంది. ఫోర్కు రెండు కాళ్ళ మీద రిమ్ముకి కొంచెం కింద చిన్న మొలకల్లా రెండు పిన్నులు పొడుచుకొని ఉంటాయి చూడండి, కాంటిలివర్‌కీ వీ-బ్రేక్‌కీ ఆ పిన్నులే కావాలి. కాలిపర్‌కి అవి అక్కర్లేదు, ఫోర్కు నెత్తిన నడిమధ్య ఉండే రంధ్రంలోంచి ఒక్క బోల్టుతో మొత్తం బ్రేకు వేలాడుతుంది. మీ ఫోర్కుకి ఆ రంధ్రం ఉన్నా కాలిపర్ చేతులు రిమ్ము దాకా అందాలి, మామూలు రోడ్ కాలిపర్‌కి బోల్టు నుంచి రబ్బరు దాకా 39 నుంచి 49 మి.మీ. అందుతుంది, కొంచెం పొడుగు రకానికి 47 నుంచి 57. మీది టూరింగ్ ఫ్రేము, 32 టైరు, పైన మడ్‌గార్డు, అంత చోటు కోసమే ఆ ఫ్రేముకి పిన్నులు పెట్టారు. కాబట్టి కాలిపర్ మాట మర్చిపోండి. ఇప్పుడు మీ లీవర్లు ఏ రకమో చెప్పండి, అసలు కథ అక్కడే ఉంది.

ఎదురుగాలి:
బ్రో సింపుల్‌గా చెప్తా, వీ-బ్రేక్ వెయ్యి, హాయిగా పడుకో. 1996లో సైకిల్ సామాన్లు చేసే షిమానో కంపెనీ వీ-బ్రేక్ దింపాక మౌంటెన్ సైకిళ్ళ మీద కాంటిలివర్ ఎంత త్వరగా మాయమైపోయిందో చూసినవాళ్ళకి తెలుసు. వైరు ఒక పక్క నుంచి వచ్చి రెండు పొడుగు చేతుల్నీ దగ్గరికి లాగుతుంది, కాంటిలో లాగా రెండు చేతుల్నీ కలిపే త్రికోణం వైరు లేదు, దాన్ని నడుమ పట్టి పైకి లాగే యోక్ లేదు, కోణాల లెక్కల్లేవు. సెట్ చెయ్యడం పది నిమిషాల పని. బలం కూడా కాంటి కన్నా ఎక్కువ. నేను రెండూ వాడాను, వెనక్కి పోయే ప్రశ్నే లేదు.

పాతఇనుము:
ఎదురుగాలి తమ్ముడూ, నువ్వు చెప్పింది ఫ్లాట్ హ్యాండిల్ సైకిల్‌కి నిజమే, ఈ అబ్బాయిది డ్రాప్ హ్యాండిల్, అది చదివావా.

కొత్తచక్రం, తేడాలు అడిగావు కాబట్టి నాకు తెలిసింది మొదట్నుంచి చెప్తాను, నేను రాడ్ బ్రేకుల సైకిల్ మీద తొక్కడం నేర్చుకున్నవాణ్ణి. రాడ్ బ్రేకులో వైరే ఉండదు, ఇనప కడ్డీలు లీవరు దగ్గర్నుంచి కిందికి దిగి రబ్బర్ల గుర్రపునాడాని పైకి లాగుతాయి, రబ్బరు రిమ్ము పక్కన కాదు లోపలివైపు, అంటే పుల్లలు దిగే వైపు, ఒరుసుకుంటుంది. అందుకే ఆ రిమ్ము వంపే వేరు, మామూలు రిమ్ము దానికి పనికిరాదు. మొరటుది కానీ ఏళ్ళ తరబడి చెయ్యి పెట్టకుండా నడిచేది.

ఆ తర్వాత వైరు కాలిపర్లు. పాత సింగిల్ పివట్‌లో రెండు చేతులూ ఒకే బోల్టు చుట్టూ కత్తెర లాగా తిరుగుతాయి, వాటితో ఉన్న పెద్ద బాధ ఏంటంటే మధ్యలో నిలబడదు, ఒక పక్క రబ్బరు రిమ్ముని రాస్తూనే ఉంటుంది, సరిచేసి పది కిలోమీటర్లు పోయేసరికి మళ్ళీ పక్కకి జరిగి కూచుంటుంది. సెంటర్ పుల్ రకంలో రెండు చేతులకీ చెరో పివట్, వైరు మధ్యలోంచి పైకి లాగుతుంది, 1950ల్లో ఫ్రాన్స్‌లో మఫాక్ కంపెనీవి బాగా పేరుపడ్డాయి, నాకు ఇప్పటికీ చూడ్డానికి అన్నిటికన్నా అందంగా కనపడేది అదే. 1990 ప్రాంతంలో షిమానో డ్యూయల్ పివట్‌ని రోడ్ సైకిళ్ళ మీద పాపులర్ చేసింది, ఒక చెయ్యి మధ్యలో తిరిగితే రెండోది పక్కన వేరే పివట్ మీద తిరుగుతుంది, రెండూ కలిసి కదుల్తాయి కాబట్టి నడిమధ్యనే ఉంటుంది, తక్కువ నొక్కుడికి ఎక్కువ పట్టు. రిమ్ బ్రేకులున్న రోడ్ సైకిళ్ళ మీద ఇప్పటికీ ఎక్కువగా కనపడేది అదే.

కొత్తచక్రం:
పాతఇనుము గారూ చాలా థాంక్సండీ, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. డాక్టర్ గారూ, నావి మామూలు రోడ్ లీవర్లే, గేర్లు మాత్రం వేరేగా ఉన్నాయి, హ్యాండిల్ చివర్లలో.

రిమ్ముడాక్టర్:
అయితే వీ-బ్రేక్ నేరుగా వెయ్యొద్దు. ఎందుకో వినండి, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు.

లీవరు ఒకసారి నొక్కితే ఎంత వైరు లాగుతుంది అనేదే మొత్తం లెక్క. కాలిపర్‌కీ కాంటిలివర్‌కీ చేసిన లీవర్లు తక్కువ వైరు ఎక్కువ బలంతో లాగుతాయి. వీ-బ్రేక్ చేతులు పొడుగు, పిన్ను నుంచి వైరు దాకా సుమారు 100 మి.మీ. పైనే, వాటికి దాదాపు రెట్టింపు వైరు కదలాలి, అందుకే వీ-బ్రేక్ లీవర్లు వేరేగా చేస్తారు. మీ రోడ్ లీవర్‌కి వీ-బ్రేక్ తగిలించారనుకోండి, నొక్కితే వెన్నలా మెత్తగా పోతుంది, రబ్బరు రిమ్ముకి అందేసరికి లీవరు వచ్చి హ్యాండిల్‌కి తగిలేస్తుంది, ఇంక నొక్కడానికి చోటే ఉండదు. రబ్బర్లని రిమ్ముకి వెంట్రుకవాసి దూరంలో పెడితే కాస్త పనిచేస్తుంది కానీ రిమ్ము కొంచెం బెండైనా రాసుకుంటుంది, రబ్బరు కాస్త అరిగినా లీవరు కిందికి పోతుంది, సామాన్లతో దిగుతూ అది కనిపెడితే అప్పటికే ఆలస్యం. దీనికి తిరగేసి చేసినా తప్పే, వీ-బ్రేక్ లీవర్‌కి కాలిపర్ వేస్తే లీవరు రాయిలా గట్టిగా ఉంటుంది, అబ్బ ఎంత గట్టి బ్రేకో అనిపిస్తుంది, తీరా బండి ఆగదు.

దారులు రెండున్నాయి. ఒకటి మినీ వీ, చేతులు 85 మి.మీ. దరిదాపుల్లో ఉంటాయి, రోడ్ లీవర్‌తో బానే కుదుర్తుంది కానీ వైరు టైరుకి మరీ దగ్గరగా పోతుంది, 32 టైరు మీద మడ్‌గార్డు కూడా ఉంటే దూరడం కష్టం. రెండోది వైరు దారిలో చిన్న కప్పీ పెట్టి లాగుడు రెట్టింపు చేసే సామాను, పని చేస్తుంది, వైరు మాత్రం ఆ కప్పీ దగ్గర త్వరగా పీచులొస్తుంది, అప్పుడప్పుడూ చూస్కుంటుండాలి.

ఎదురుగాలి:
ఒప్పుకుంటున్నా, లీవర్ సంగతి నేను చూడలేదు. సారీ బ్రో. డ్రాప్ లీవర్‌కి ఫుల్ సైజు వీ-బ్రేక్ వెయ్యమని నేనూ చెప్పను. కానీ ఆ దడదడ మాత్రం వీ-బ్రేక్‌తో పోతుంది, అది నేను స్వయంగా చూశా, ఎందుకు పోతుందో మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

నిదానం:
ఎందుకు పోతుందో నేను చెప్తా, ఈ దడదడతో రెండేళ్ళు కొట్టుకున్నాను.

మీ సైకిల్లో ముందు బ్రేకు వైరు అవుటర్, అంటే వైరు మీదుండే గొట్టం, ఎక్కడ ఆగుతోంది? హ్యాండిల్ కింద, హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగు) దగ్గర ఒక బిళ్ళకి తగిలి ఆగుతుంది కదా. అక్కడ్నుంచి ఉత్త వైరు మాత్రమే కిందికి యోక్ దాకా దిగుతుంది. బ్రేకేమో ఫోర్కు కాళ్ళ మీద ఉంది. బ్రేకు పట్టుకోగానే ఫోర్కు వెనక్కి వంగుతుంది, పైనున్న బిళ్ళకీ కిందున్న బ్రేకుకీ మధ్య దూరం ఒక పిసరు పెరుగుతుంది, వైరు సాగదు కాబట్టి అదే ఇంకా బిగుసుకొని రబ్బర్లని మరింత నొక్కుతుంది, అంటే మీరు నొక్కకుండానే బ్రేకు తనంతట తనే గట్టిగా పట్టేస్తుంది, ఫోర్కు ఇంకా వంగుతుంది, చివరికి రబ్బరు జారి ఫోర్కు ముందుకి తన్నుకొస్తుంది, వైరు వదులవుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనులో ఇది చాలాసార్లు జరుగుతుంది, మీ చేతికి తెలిసే దడదడ అదే. వీ-బ్రేక్‌లో అవుటర్ నేరుగా బ్రేకు చేతి మీదికే వచ్చి ఆగుతుంది, ఫోర్కు వంగినా ఆ దూరం మారదు, అందుకే అక్కడ ఈ గొడవ లేదు.

మందు ఏంటంటే ఆ బిళ్ళని పైనుంచి తీసేసి ఫోర్కు నెత్తి మీదికి దించడమే. మడ్‌గార్డు బోల్టు పెట్టే రంధ్రానికే బిగించే చిన్న హ్యాంగర్లు దొరుకుతాయి. అప్పుడు హ్యాంగరూ బ్రేకూ రెండూ ఫోర్కుతో కలిసే కదుల్తాయి. నాకు ఆ ఒక్క ముక్కతో పూర్తిగా పోయింది. దానికన్నా ముందు ఒకటి చూడండి, ముందు బ్రేకు పట్టుకొని సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపుతూ హెడ్‌సెట్ కప్పు దగ్గర వేలు పెట్టండి, లోపల టకటక తెలిస్తే హెడ్‌సెట్ లూజు, అది బిగించకుండా బ్రేకు మీద ఎంత కష్టపడినా వేస్టు.

వర్షంలోరైడ్:
కీచుమనడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. రబ్బరు రిమ్ముకి సమాంతరంగా ఆనితే చాలాసార్లు అరుస్తుంది. రబ్బరు ముందు కొస, అంటే సైకిల్ పోయే దిక్కున ఉన్న కొస, ముందు తగలాలి, వెనక కొస దగ్గర 1 మి.మీ. లోపు సందుండాలి. వెనక కొస కింద మడిచిన కాయితం ముక్క పెట్టి లీవరు నొక్కి పట్టుకొని బోల్టు బిగించేయండి, అయిపోతుంది. రబ్బరు టైరుకి తగలకూడదు, రిమ్ము కింది అంచు దాటి వేలాడకూడదు. కాంటిలోనూ వీ లోనూ పివట్ కింద ఉంటుంది కాబట్టి రబ్బరు అరిగేకొద్దీ కిందికి దిగి పుల్లల వైపు పోతుంది, డ్యూయల్ పివట్‌లో అయితే రబ్బరు పైకి ఎక్కి టైరు పక్కని కోసే ప్రమాదముంది. అరిగిన కొద్దీ ఒకసారి వంగి చూస్కోండి.

ఇంకోటి. రబ్బరు మార్చుకునే రకం షూ (రబ్బర్ని పట్టుకునే తొడుగు) అయితే ఒక కొస మూసి ఉంటుంది, ఒకటి తెరిచి ఉంటుంది. మూసిన కొస ముందుకుండాలి. తిరగేసి పెడితే గట్టిగా పట్టినప్పుడు రిమ్ము రబ్బర్ని లాక్కొని ముందుకి జార్చేస్తుంది, షూ ఖాళీ అయిపోతుంది. కుడి ఎడమలు మార్చి పెట్టిన సైకిళ్ళు నేను ఒకటికి మించి చూశాను.

వానలో అయితే రిమ్ము ఏంటనేదే పెద్ద తేడా. క్రోమ్ వేసిన స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు దాదాపు లేనట్టే, ఏ రకం బ్రేకైనా సరే. అల్యూమినియం చాలా నయం, అదీ మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్ళు తుడుచుకున్నాకే పడుతుంది. ఆగాల్సిన చోటుకి ముందే మెల్లగా రబ్బరు ఆనించి రిమ్ము ఆరబెట్టుకోవడం అలవాటు చేస్కోండి. నేను ఎరుపు నారింజ మధ్య రంగులో ఉండే కూల్‌స్టాప్ సాల్మన్ రబ్బర్లు వాడతా, తడిలో మామూలు నల్ల రబ్బర్ల కన్నా నాకు బాగా తేడా తెలిసింది.

కొత్తచక్రం:
మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. ఈరోజు పొద్దున్నే కూర్చొని చూశా. హెడ్‌సెట్ గట్టిగానే ఉంది. వెనక రబ్బర్లు నిజంగానే సమాంతరంగా ఉన్నాయి, కాయితం పెట్టి సరిచేశా, అరుపు పూర్తిగా ఆగిపోయింది!! రబ్బర్లలో మెరిసే చిన్న చిన్న లోహం ముక్కలు గుచ్చుకొని ఉంటే పిన్నుతో తీసేశా. ముందు బ్రేకు వైరు విప్పుతుంటే ఒక డౌటొచ్చింది, ముందుది అవుటర్ కోసిన చోట చూస్తే లోపల సన్నటి తీగలు నిలువుగా పక్కపక్కన ఉన్నాయి, వెనకదాంట్లో మాత్రం స్ప్రింగులా చుట్టిన పట్టీ ఉంది. రెండూ వేరేగా ఎందుకున్నాయి?

రిమ్ముడాక్టర్:
ఆ సైకిల్ ఇంక తొక్కకండి. సీరియస్‌గా చెప్తున్నా. నిలువు తీగలున్నది గేరు అవుటర్. గేరు కచ్చితంగా పడాలని అలా చేస్తారు, బ్రేకు నొక్కినప్పుడు వచ్చే బలానికి అది తట్టుకోదు, పైన ప్లాస్టిక్ చీలి తీగలన్నీ బయటికి తన్నుకొస్తాయి, ఆ క్షణంలో మీకు ముందు బ్రేకు ఉండదు. మామూలుగా ఆగినప్పుడు పగలదు, ప్రాణం మీదికొచ్చి గట్టిగా నొక్కినప్పుడే పగుల్తుంది. చుట్టిన పట్టీ ఉన్న బ్రేకు అవుటర్ తెచ్చి వేస్కోండి, వైరు కూడా కొత్తది వేసేయండి.

నిదానం:
దేవుడా, సామాన్లేస్కొని దిగడానికి ముందే కనపడింది, మంచిదైంది.

పాతఇనుము:
చేతిలో పనుంది కాబట్టి ఇంకోటి కూడా చూస్కో నాయనా. కాంటిలివర్‌లో పై వైరు తెగితే త్రికోణం వైరు ఊరుకోదు, జారి టైరు మీద పడుతుంది, టైరు గళ్ళలో చిక్కుకుంటే ముందు చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. నీకు ముందు మడ్‌గార్డు ఉంది కాబట్టి అది వైర్ని ఆపుతుంది. ఎప్పుడైనా మడ్‌గార్డు తీస్తే ఫోర్కు నెత్తి మీద రిఫ్లెక్టర్ బ్రాకెట్ అయినా బిగించు, అదీ ఆ పనే చేస్తుంది.

యోక్ ఎత్తు సంగతి కూడా. యోక్‌ని కిందికి దించితే బలం పెరుగుతుంది కానీ రబ్బరు కదిలే దూరం తగ్గుతుంది, పైకి ఎత్తితే దీనికి తిరగేసి. నువ్వు కొంచెం కొంచెంగా దించుకుంటూ లీవరు ఎక్కడ నీ చేతికి సరిపోయిందో అక్కడ ఆపు. కాంటిని సరిగ్గా కట్టినవాళ్ళు తక్కువ, అందుకే దానికి చెడ్డపేరు. బురదలో సైక్లోక్రాస్ వాళ్ళు ఎన్ని దశాబ్దాలు దీని మీదే రేసులు తొక్కారో చూడు, చక్రం పక్కన బురదకి అంత చోటు వదిలే రిమ్ బ్రేకు ఇంకోటి లేదు. వాళ్ళకి డిస్క్ వాడొచ్చని యూసీఐ, అంటే సైకిల్ రేసుల అంతర్జాతీయ సంఘం, చెప్పింది 2010లో.

పెడల్‌పిచ్చి:
లేటుగా వచ్చా, డిస్క్ మాటొచ్చింది కాబట్టి నా రెండు ముక్కలు. ఒక రకంగా రిమ్ బ్రేకు కూడా డిస్కే, రిమ్మే ఆ డిస్కు. 700సి అనే రోడ్ సైకిల్ సైజు చక్రంలో రబ్బరు పట్టుకునేది ఇరుసు నుంచి సుమారు 310 మి.మీ. దూరంలో, 160 మి.మీ. రోటర్‌లో (ఇరుసు దగ్గర తిరిగే బ్రేకు బిళ్ళ) ప్యాడ్ పట్టేది 80 కన్నా లోపలే, కాబట్టి అదే ఆపుడుకి డిస్క్ ప్యాడ్ నాలుగు రెట్ల ఒరిపిడి ఇవ్వాలి. అందుకే వైరుతో లాగే తేలికైన కాలిపర్ కూడా పొడి రోడ్డు మీద చక్రాన్ని బిగించేయగలదు. పొడిలో మిమ్మల్ని ఆపేది బ్రేకు బలం కాదు, టైరు పట్టూ, వెనక చక్రం లేచిపోయే భయమూ.

డిస్క్ గెలిచేది వేరే చోట. వానలో, బురదలో, రిమ్ము బెండైనప్పుడు, వెడల్పు టైర్లకి. రోడ్ రేసుల్లో యూసీఐ డిస్కులకి పూర్తిగా ఒప్పుకున్నది 2018లో, ఇప్పుడు పెద్ద రేసుల్లో దాదాపు అన్నీ అవే. ముఖ్యంగా కార్బన్ రిమ్ములున్నవాళ్ళకి అది పెద్ద ఊరట, ఎందుకంటే కార్బన్ వేడిని త్వరగా వదలదు, పొడుగు దిగుడులో బ్రేకు పట్టుకొనే దిగితే కార్బన్ పోగుల్ని అంటించి పట్టుకునే రెజిన్ మెత్తబడి రిమ్ము పాడైపోతుంది. దానికి కార్బన్ రిమ్ముల కోసం చేసిన రబ్బర్లే వాడాలి, అల్యూమినియం మీద వాడిన రబ్బర్లు పెడితే వాటిలో గుచ్చుకున్న ముక్కలు రిమ్ముని గీరేస్తాయి.

మీది అల్యూమినియం కాబట్టి ఆ భయం లేదు, కానీ సామాన్లతో దిగేటప్పుడు రబ్బర్లు ఆనించే ఉంచితే అల్యూమినియం కూడా చురుక్కుమనేంత కాలుతుంది, లోపల గాలి వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదముంది. మలుపు ముందు గట్టిగా పట్టి స్పీడు తగ్గించండి, మళ్ళీ వదిలేయండి, వదిలిన కాసేపట్లోనే గాలికి చల్లారుతుంది. ముందూ వెనకా మార్చి మార్చి పట్టినా సగం సగం పంచుకుంటాయి.

వర్షంలోరైడ్:
పైన రాయడం మర్చిపోయా, సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడండి. రిమ్ బ్రేకులో రబ్బరుతో పాటు రిమ్ము కూడా అరుగుతుంది. చాలా రిమ్ముల మీద చుట్టూ సన్న గాడి గానీ చిన్న గుంట గానీ ఉంటుంది, అది కనపడకుండా పోయిందంటే రిమ్ము పని అయిపోయినట్టే. గాడి లేకపోతే రిమ్ము పక్కన స్కేలు అంచు నిలబెట్టి చూడండి, మధ్యలో వెలుతురు కనపడితే గుంటపడిందన్నమాట. నాకు ఇది ఎవరూ చెప్పలేదు. నాలుగు వానాకాలాలు ఇసుకా నీళ్ళూ కలిసి రుద్దిన ముందు రిమ్ము ఒకరోజు సైకిల్ గోడకి ఆనించి గాలి కొడుతుంటే తుపాకీ పేలినట్టు పేలింది, పక్క గోడ జానెడు పొడుగు చీలిపోయి బయటికి వంగిపోయింది. రోడ్డు మీద అయ్యుంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

ఎదురుగాలి:
ఇది చదివి ఇప్పుడే వెళ్ళి నా వెనక రిమ్ము చూశా. గాడి ఇంకా ఉంది కానీ గోరుకి కష్టంగా తగుల్తోంది. మార్చేస్తున్నా. థాంక్స్ అన్నా.

ఒక డౌటు, మగూరా వాళ్ళ హైడ్రాలిక్ రిమ్ బ్రేకు ఇదే పిన్నులకి పడుతుంది కదా, ఎవరైనా వాడారా?

నిదానం:
పిన్నులకే పడుతుంది. వైరు బదులు నూనె, చెయ్యి తిరగదు, రబ్బరు నేరుగా పక్క నుంచి వచ్చి రిమ్ముకి ఆనుతుంది కాబట్టి అరిగినా కిందికీ పైకీ పోదు. 1987లో మొదలుపెట్టారు, సైకిల్‌తో బండలూ అడ్డంకులూ ఎక్కే ట్రయల్స్ వాళ్ళకి ప్రాణం. ఒకసారి సెట్ చేస్తే చాలాకాలం ముట్టుకోనక్కర్లేదు. నేను ఫ్లాట్ హ్యాండిల్ సైకిల్ మీదే వాడాను.

కొత్తచక్రం:
అన్నలూ, వారం తర్వాత వస్తున్నా, అప్‌డేట్ చెప్పకుండా పోతే బాగోదని. ముందుకి కొత్త బ్రేకు అవుటరూ కొత్త వైరూ వేశా. పైన బిళ్ళ తీసేసి ఫోర్కు నెత్తి మీద హ్యాంగర్ బిగించా, మడ్‌గార్డు బోల్టు కొంచెం పొడుగుది పెట్టాల్సొచ్చింది. యోక్ రెండు వేళ్ళంత దించా. రబ్బర్లు ముందూ వెనకా మార్చేశా, మూసిన కొస ముందుకే ఉందని రెండుసార్లు చూస్కున్నా. రిమ్ముల మీద గాడి బాగానే తెలుస్తోంది.

నిన్న రెండు బ్యాగుల్లో నీళ్ళ బాటిళ్ళు నింపుకొని మా దగ్గరున్న చిన్న దిగుడులో ఆరుసార్లు దిగి చూశా. దడదడ లేదు. అసలు లేదు. రెండు వేళ్ళతో ఆగుతోంది. ఇదే సైకిల్ని పోయిన వారం అమ్మేద్దామనుకున్నా. ఒకటే, మొదటిసారికీ ఆరోసారికీ లీవరు కొంచెం లోపలికి పోయినట్టు అనిపించింది, మళ్ళీ ఏమైనా తప్పు చేశానా?

రిమ్ముడాక్టర్:
తప్పేం లేదు. కొత్త వైరూ అవుటరూ మొదట్లో సర్దుకుంటాయి. హ్యాంగర్ దగ్గర బ్యారెల్ (వైరు బిగువు మార్చే చిన్న మర) ఉంటే రెండు చుట్లు విప్పండి, లేకపోయినా చాలకపోయినా వైర్ని పట్టి ఉంచే యాంకర్ బోల్టు వదులు చేసి వైరు లాగి మళ్ళీ బిగించండి. పెద్ద దిగుడుకి బయల్దేరే ముందు రోజు ఇంకోసారి చూస్కోండి, బోల్టులతో సహా.